పెట్టె సార్

బోయిగూడలోని ఆ గల్లీలో వ్యాను పట్టదని దేముడుబాబుకు తెలుసు. తెలిసీ, డ్రైవరు రిచర్డ్ చేత బండిని లోపలికి పెట్టించి, పక్క అద్దం గోడకు రాసుకునేదాకా పోనిచ్చి, అప్పుడు "ఇంక చాలు, దించుదాం" అన్నాడు. చావొచ్చిన ఇంటికి బండి ఎంత దగ్గరగా పోతే అంత మర్యాద అని ఆయన లెక్క. ఈ లెక్క వల్ల ఎన్ని అద్దాలు పోయాయో రిచర్డ్‌ను అడగాలి. అరవై దాటిన రిచర్డ్ అద్దాన్ని చేత్తో లోపలికి మడిచాడు. ఇద్దరూ దిగి వెనక తలుపులు తీశారు.

పెట్టె స్టీలుది. మనిషి పొడుగున ఉంటుంది. పైన అద్దంలా కనబడే ప్లాస్టిక్ మూత, కాళ్ళవైపు చల్లబరిచే మిషను. పక్కన నీలం రంగుతో "సేవామైత్రి క్లబ్, సికింద్రాబాద్" అనీ, దాని కింద "దాత: శ్రీ పద్మనాభం గారు, తమ తండ్రిగారి జ్ఞాపకార్థం" అనీ రాసి ఉంది. దూరాన్నించి రావలసిన పిల్లలు వచ్చేదాకా శవం చెడిపోకుండా ఉంచడానికి క్లబ్బువాళ్ళు దీన్ని ఊరికే ఇస్తారు. ఉన్నది ఒక్కటే.

దేముడుబాబు రైల్వేలో ఏసీ బోగీలు బాగుచేసి రిటైరైనవాడు. అనకాపల్లి వైపు మనిషి, ఉద్యోగానికని వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. డాక్టర్లూ, కాంట్రాక్టర్లూ, షోరూముల వాళ్ళూ ఉండే క్లబ్బులో ఒక రైల్వే మెకానిక్కు నిలబడాలంటే ఏదో ఒకటి మోయాలి కదా. ఆయన ఈ పెట్టెను మోశాడు. చుట్టుపక్కల బస్తీల్లో ఆయన పేరు ఎవరికీ తెలియదు గానీ "పెట్టె సార్" అంటే చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. ఆ మాట చెవిన పడితే ఆయనకు గర్వంగానే ఉండేది. అందులో దాచాల్సిందేముంది!

పోయినావిడ పేరు లచ్చమ్మ. బోయిన్‌పల్లి మార్కెట్లో ఉల్లిగడ్డలు ఏరే పనికి పోయేది. కొడుకు భద్రయ్య అక్కడే హమాలీ. తెల్లవారుజామున చాయ్ గిన్నె పొయ్యి మీద పెట్టి, గోడకు ఆనుకుని, అలాగే ఒరిగిపోయిందట. ఇల్లు ఒక్క గది. గల్లీలోనే పరదా కట్టి, కింద గడ్డి పరిచి పడుకోబెట్టారు. ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని విసనకర్రలతో ఈగలు తోలుతున్నారు. మే నెల ఎండ పరదాలోంచి కూడా దిగుతోంది.

"నా చెల్లె రావాలె సార్," అన్నాడు భద్రయ్య. మెడ మీద మూటలు మోసి మోసి కాయలు కట్టిన మనిషి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నడుం తువ్వాలును పిండుతున్నాడు. "సరూప. బొంబాయి దిక్కు భీవండిల ఉంటది, బట్టల సాంచెల కాడ పని. ఈ రాత్రి బండ్ల జాగ దొరకలే. పొద్దుగాల ఎక్కుతదట. రేపు మాపటికి దిగుతది. అమ్మ మొఖం సూడకుంటే అది బతకది సార్. జెర మీరే..."

"రేపు సాయంత్రం దాకా కదా? ఉంటుందయ్యా. నేనున్నాను కదా," అన్నాడు దేముడుబాబు.

ఆ తర్వాత ఆయన మాట్లాడలేదు, పని చేశాడు. ఆ ఇంట్లో అంత కరెంటు లాగే సాకెట్టు ఎక్కడిది! పక్కన పిండి ఆడించే గిర్ని వాడిని బతిమాలి, వాడి మీటరు నుంచి లావుపాటి తీగ గోడల మీదుగా లాగాడు. ఎవరి కాలూ తగలకుండా మేకులు కొట్టి పైకి కట్టాడు. పెట్టె కింద ఇటుకలు పేర్చి, కారే నీళ్ళు కాలవలోకి పోయేలా తలవైపు కొంచెం ఎత్తు పెట్టాడు. లోపల రేకును డెట్టాలు నీళ్ళతో తుడిచాడు. లచ్చమ్మ దవడ కట్టు వదులైతే విప్పి, మళ్ళీ కట్టి, చెదిరిన తెల్లవెంట్రుకలు చెవి వెనక్కి దువ్వాడు. నలుగురు మగవాళ్ళు ఎత్తి లోపల పెట్టారు. స్విచ్చి వేయగానే మిషను గుర్రుమంది. కాసేపటికి మూత లోపల సన్నటి మంచు పొర కమ్మితే, అది ముసలామె ముఖానికి అడ్డం రాకుండా ఆయనే మూత కొంచెం ఎత్తి గుడ్డతో తుడిచి, లోపల చిన్న ఫ్యాను తిరుగుతోందో లేదో వంగి చూశాడు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఆయన్ని పూజారిని చూసినట్టు చూశారు.

అప్పుడే సరూప ఫోను చేసింది. ఆమెది బొమ్మలు కనబడని చిన్న ఫోను. భద్రయ్య రెండు మాటలు మాట్లాడి, ఏడుపాపుకోలేక ఫోను దేముడుబాబు చేతిలో పెట్టాడు.

"ఎవరు సార్ మీరు? ఉంచుతరా మా అమ్మను? నేనొచ్చేదాక ఉంచుతరా?" వెనక బట్టలు నేసే సాంచెల చప్పుడుకు ఆ పిల్ల అరుస్తూ మాట్లాడుతోంది.

"నువ్వు నిమ్మళంగా రా అమ్మా. ఈ పెట్టె నువ్వొచ్చేదాకా ఇక్కణ్ణించి కదలదు. నాది పూచీ," అన్నాడు దేముడుబాబు.

సాంచెల చప్పుడులోంచి "వస్తున్న సార్" అని వినబడింది. తర్వాత ఫోను ఆగిపోయింది.

మర్నాడు పొద్దున ఇడ్లీ ప్లేటు ముందు కూర్చుంటే క్లబ్బు అధ్యక్షుడు హేమచంద్ర ఫోను వచ్చింది. ఆయన గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ టైల్సు వ్యాపారంలో బాగా సంపాదించినవాడు. గట్టిగా మాట్లాడడు. మెల్లగా చెప్పి పనులు చేయించే మనిషి.

"దేముడుబాబు గారూ, పద్మనాభం గారి అమ్మగారు పోయారండీ. ఇందాకే."

"అయ్యయ్యో. ఎప్పట్నించో మంచంలోనే ఉన్నారు కదండీ పాపం."

"ఆఁ. మన పెట్టె ఎక్కడుంది?"

"బోయిగూడలో ఉందండీ. ఆళ్ళ అమ్మాయి భీవండీ నుంచి రావాలి. సాయంత్రం దిగుతాది."

హేమచంద్ర గొంతు ఇంకా తగ్గించాడు. "మీరే ఆలోచించండి. ఆ పెట్టె కొనిచ్చింది ఆయన. ఆయన నాన్నగారి పేరుంది దాని మీద. ఇవాళ ఆయన తల్లికి మన దగ్గర పెట్టె లేదంటే బావుంటుందా? రేపు ఏ మొహం పెట్టుకుని వెళతాం ఆ ఇంటికి?"

"ఆయన అడిగారాండీ?"

"అడిగేదాకా ఆగుతామా?"

"బయట అద్దెకి తెప్పిస్తే..."

"మనకంటూ ఒకటుండగా అద్దెదా! నవ్విపోతారండీ. చూడండి, వచ్చే నెల కొత్త కమిటీలో సెక్రటరీగా మీ పేరే అనుకుంటున్నాను. ఈ పని మీ చేతుల్లో పెడుతున్నా. ఎలా చేస్తారో మీ ఇష్టం. అల్వాల్‌లో వాళ్ళింటికి తీసుకొచ్చేయండి." ఫోను పెట్టేశాడు.

ఆ మాటకు దేముడుబాబు లోపల ఏం జరిగిందో చెప్పకపోతే ఆయన మీద అబద్ధం చెప్పినట్టే. భయం వేసింది, నిజమే. దాంతోబాటు సంతోషం కూడా కలిగింది. సెక్రటరీ! మీటింగులో వేదిక మీద కుర్చీ. ఇన్నాళ్ళూ భోజనాల దగ్గర ఫ్యూజు పోతే "దేముడుబాబూ, చూడవయ్యా" అని కేకేసినవాళ్ళు "సెక్రటరీ గారూ" అనాల్సి రావడం. ఇడ్లీ సగంలో వదిలేసి లేచాడు.

భార్య కుమారి వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్నది. "ఏటండీ, ఆ పెట్టె తీసీస్తారా? నిన్న ఆ పిల్లకి మాటిచ్చేనని మీరే కదా సెప్పేరు?"

"మాటేటి. ఓదార్చడానికి ఏదో అన్నాను."

"తల్లి కదండీ. ఆకరి సూపు."

"ఇటూ తల్లే, అటూ తల్లే. నువ్వు ఊరుకో," అని చెప్పులు వేసుకున్నాడు. కుమారి ప్లేటు తీసి, మిగిలిన ఇడ్లీ మీద మూత పెట్టింది.

వ్యానులో రిచర్డ్ అడిగాడు, "క్యా బోల్తే సార్ ఉన్‌కో? ఏమని చెప్తం?"

ఆ ప్రశ్న ఇంటి దగ్గర్నుంచీ దేముడుబాబు నెత్తి మీదే ఉంది. ఉన్నదున్నట్టు చెప్పొచ్చు. పెట్టె ఇచ్చినాయన తల్లి పోయింది, ఇది అక్కడికి కావాలి, మీకు వేరేది చూసుకోండి అనొచ్చు. గల్లీ అంతా మీద పడుతుంది. తిడతారు. బండికి అడ్డం పడుకుంటారు. పెట్టె కదలనివ్వరు. కదలనివ్వకపోతే ఎంత బాగుండేది! నాలుగు తిట్లు తిని, హేమచంద్రకు ఫోను చేసి "వాళ్ళు ఇవ్వలేదండీ" అని చెప్పేస్తే అయిపోయేది. ఆ నాలుగు తిట్లు తినే ధైర్యం ఆయనకు లేకపోయింది. మంచివాడు అనిపించుకోవడానికి అలవాటుపడ్డ మనిషితో ఇదే చిక్కు.

"నువ్వు మాట్లాడకు. నేను చూసుకుంటాను," అన్నాడు.

గల్లీలో రాత్రంతా భజన చేసిన మగవాళ్ళు గోడలకు చేరగిలబడి ఉన్నారు. ఆయన్ని చూడగానే భద్రయ్య లేచి కుర్చీ వేశాడు. ఎవరో చాయ్ తెచ్చారు. "చెల్లె బండెక్కింది సార్. పూనా దాటిందట," అన్నాడు భద్రయ్య. ఆ ముఖంలో ఇంత ఏడుపులోనూ కొంచెం నెమ్మది ఉంది.

"మంచిదయ్యా. ఒకసారి మిషను చూసి పోదామని వచ్చాను."

జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాడు. కాళ్ళవైపు మోకాళ్ళ మీద కూర్చుని వెనక రేకు విప్పాడు. ఎండలో ఆయన వీపు చొక్కాకు అంటుకుపోయింది. ఏ తీగ ఎక్కడికి పోతుందో కళ్ళు మూసుకుని చెప్పగలడు. చలిని కొలిచే డబ్బీ దగ్గర సన్నటి ఎర్రతీగ ఒకటి ఉంటుంది. అది రెండు వేళ్ళతో పట్టుకుని లాగాడు. ఊడి వచ్చిన కొసకు నల్లటేపు చుట్టి, లోపలికి మడిచి, రేకు మళ్ళీ బిగించాడు. ఎంతో జాగ్రత్తగా బిగించాడు, ఒక్క స్క్రూ కూడా వంకర పోలేదు. గుర్రుమనే చప్పుడు ఆగిపోయింది.

ముందు ఎవరూ గమనించలేదు. ఆయన చాయ్ తాగుతూ కూర్చున్నాడు. మూత లోపలి మంచు కరిగి చారలు చారలుగా దిగడం మొదలుపెట్టింది. విసనకర్ర పట్టుకున్న ఒక ముసలామె, "ఓ భద్రీ, ఏందిరా ఇది, సప్పుడొస్తలేదు?" అంది.

భద్రయ్య ఒక్క గంతులో వచ్చాడు. "ఏమైంది సార్? బందైందా?"

దేముడుబాబు లేచి, చెవి ఆనించి విన్నాడు. స్విచ్చి వేశాడు, తీశాడు. "కంప్రెసరు పోయినట్టుందయ్యా," అన్నాడు.

"గిట్లెట్లైతది సార్? నిన్న మంచిగనే ఉండె!"

"మిషను కదా. దీన్ని షాపుకు తీసుకుపోవాలి. ఇవాళ కాదు."

రిచర్డ్ గోడవైపు తిరిగి బీడీ ముట్టించుకున్నాడు. భద్రయ్య తల రెండు చేతులతో పట్టుకుని, అంతలోనే వదిలేసి, "ఐసుగడ్డలు తెస్త సార్. మార్కెట్ల చేపలోళ్ళ కాడ ఉంటయి. నా తోటి హమాలీలున్నరు, బండెడు తెస్తం. మాపటి దాక ఆగదా?" అన్నాడు.

దేముడుబాబుకు ఇదొక దారి దొరికింది. ఆగుతుంది, తెచ్చుకోండి అంటే చాలు. కానీ ఆయన చదువుకున్న మిషన్ల చదువు నోటికి అడ్డం వచ్చింది. పైగా, ఐసు పెడుతూ కూర్చుంటే వీళ్ళు సాయంత్రం దాకా తనకు ఫోన్లు చేస్తారు, పెట్టె బాగైందా అని అడుగుతారు, ఎవడో ఒకడు అల్వాల్‌లో దాన్ని చూడనే చూస్తాడు. "ఒకసారి ఇంత చలిలో పెట్టి తీశాక ఐసుతో ఆగదయ్యా. తొందరగా పాడవుతుంది. నీ చెల్లెలు వచ్చి ఆ ముఖం చూడగలదా? అలా చూసే కన్నా చూడకపోవడమే మంచిది," అన్నాడు.

ఆయన మాట కాబట్టి నమ్మారు. ఇంకెవరైనా అయితే నమ్మేవాళ్ళు కాదేమో. కులపెద్ద ఒకాయన గొంతు సవరించుకుని, "సార్ సెప్పినట్టు ఇనురా భద్రీ. అంత తెలిసిన మనిషి. ముసలిదాన్ని ఎందుకు పరేషాన్ చేస్తవు, పొద్దు వాలకముందే ఎళ్ళదీద్దాం," అన్నాడు. లచ్చమ్మను తీసి మళ్ళీ గడ్డి మీద పెట్టారు. భుజాల దగ్గర పట్టింది దేముడుబాబే. చల్లగా, బిగిసిపోయి, నిన్నటి కన్నా బరువుగా అనిపించింది. తడిసిన కొంగును ఆయన సర్దుతుంటే భద్రయ్య ఫోనులో చెల్లెలితో చెబుతున్నాడు. చెప్పి, ఫోనును చెవికి దూరంగా పట్టుకున్నాడు. ఆ పిల్ల ఏడుపు గల్లీ అంతా వినబడింది. రైలు చప్పుడు కూడా వినబడింది. దేముడుబాబు పెట్టెకు ఒక కొస పట్టుకుని వ్యానువైపు నడిచాడు.

అల్వాల్‌లో పద్మనాభం గారి ఇంటి ముందు రోడ్డు పొడుగునా కార్లు ఉన్నాయి. వ్యానును కింద కార్లు పెట్టే చోటికి దింపించి, ముందు తీగ కలిపేసి, పెట్టెను గోడ పక్కన పెట్టి స్విచ్చి వేశాడు. మిషను గుర్రుమంది. మెట్లెక్కి పైకి పోయి చూశాడు.

హాలు మధ్యలో కొత్త పెట్టె ఉంది. అద్దాల మూత, లోపల లైట్లు, చుట్టూ బంతిపూల అల్లిక. లోపల పద్మనాభం గారి తల్లి పట్టుచీరలో పడుకుని ఉంది. ఎవరో అద్దెకు తెప్పించారు. పొద్దున్నే వచ్చేసిందట.

హేమచంద్ర పూలదండ పట్టుకుని నిలబడి ఉన్నాడు. దేముడుబాబు ఆయన చెవి దగ్గరికి పోయి, "ఇక్కడ ఉంది కదండీ. మనది తీసుకుపోనా? బోయిగూడ వాళ్ళ అమ్మాయి..." అన్నాడు.

"ఉండండి ఉండండి. ఇంత హడావుడిపడి తెచ్చారు. తెచ్చామని ఆయన కంట పడాలా వద్దా? నేను కిందికి తీసుకొస్తాను ఆయన్ని. అందాకా రెడీగా ఉంచండి."

అప్పటికి ఇంకా మధ్యాహ్నం కాలేదు. అప్పుడు బయల్దేరి ఉంటే అందేవాడు. ఈ సంగతి ఆయనకు ఆ క్షణానే తెలుసు. తెలిసీ కిందికి పోయి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. నాయకులు వచ్చారు, పోయారు. క్లబ్బు సభ్యులు వచ్చి "మన పెట్టే!" అని దాని పక్కన నిలబడి ఫొటో తీసుకున్నారు. ఎవరో భోజనం పొట్లాలు పంచారు. రిచర్డ్ తినలేదు. ఖాళీ పెట్టె గుర్రుమంటూ చల్లబడుతూనే ఉంది. బోయిగూడలో ఈపాటికి డప్పు మొదలై ఉంటుందని దేముడుబాబు అనుకున్నాడు. వేడినీళ్ళు కాచి ఉంటారు. పాడె కట్టి ఉంటారు. ఫోను తీసి భద్రయ్య నంబరు చూసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. ఛీ, ఏం బతుకు ఇది అనిపించింది. అనిపించినా కుర్చీలోంచి లేవలేదు.

ఎండ వాలుతుండగా హేమచంద్ర పద్మనాభాన్ని వెంటబెట్టుకుని మెట్లు దిగాడు. పద్మనాభం బక్కపలచటి మనిషి. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి. వెనకే ఆయన భార్య కామాక్షి వచ్చింది.

"మీకోసం పొద్దుటే తెచ్చి సిద్ధంగా ఉంచామండీ," అన్నాడు హేమచంద్ర.

కామాక్షి పెట్టె వంక చూసి, "అందర్నీ పెట్టిన పెట్టె కదండీ. అత్తయ్యని అందులో ఎలా పెడతాం?" అంది. తిట్టినట్టు కాదు, మామూలుగానే అంది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పద్మనాభం మూత మీద చెయ్యి వేసి, తండ్రి పేరున్న చోట చూశాడు. "దీన్నెందుకు తెచ్చారండీ? ఇది లేనివాళ్ళ కోసం ఇచ్చాను కదా. ఎవరికీ అక్కర్లేకుండా ఉందా ఇవాళ?"

హేమచంద్ర దేముడుబాబు వంక చూశాడు.

"ఖాళీగానే ఉందండీ," అన్నాడు దేముడుబాబు.

"తీసుకెళ్ళండి. ఎవరికి ఎప్పుడు అవసరం పడుతుందో." పద్మనాభం దణ్ణం పెట్టి మెట్లెక్కాడు.

పెట్టెను వ్యానులోకి ఎక్కించేటప్పుడు దేముడుబాబు తాళ్ళు కూడా కట్టనివ్వలేదు. తొందర అది. "పోనీ రిచర్డ్, పోనీ. డప్పులవాళ్ళు ఆలస్యం చేసి ఉంటారు. మిషను బాగైపోయిందని చెబుదాం. ఆ పిల్ల వచ్చేసరికి పెట్టెలో ఉంటుంది ముసలమ్మ," అంటూనే ఉన్నాడు దారంతా. బోయిన్‌పల్లి చౌరస్తా దగ్గర కూరగాయల లారీలు అడ్డం పడితే కిటికీలోంచి తల పెట్టి అరిచాడు. అంత కోపం ఆయనలో రిచర్డ్ ఎప్పుడూ చూడలేదు.

గల్లీలో పరదా విప్పేశారు. గడ్డి ఊడ్చి ఒక మూల పోగు పెట్టారు. ముసలామె ఒకతె గడపలో నీళ్ళు చల్లుతోంది. పడుకోబెట్టిన చోట దీపం పెట్టి ఉంది. "ఎప్పుడో ఎళ్ళిపోయిన్రు బిడ్డా," అంది.

శ్మశానంలో చితి అప్పటికే బాగా అంటుకుని, కింది కట్టెలు కూలుతున్నాయి. భద్రయ్య తడిబట్టలతో, గుండు మీద చెమటతో, దూరంగా కూర్చుని ఉన్నాడు. దేముడుబాబును చూసి లేచాడు. ఏమైనా అంటాడేమో, అంటే బాగుండునని ఎదురుచూశాడు ఆయన.

"మిషను మంచిగైందా సార్?"

దేముడుబాబు చితివైపు తిరిగాడు.

"మీరు సుత పొద్దుగాల సంది తక్లీఫ్ పడ్డరు. ఎండల తిరిగిన్రు. మా నసీబుల లేదు, ఏం జేస్తం." భద్రయ్య ముక్కు తుడుచుకున్నాడు. "ఇంకో చిన్న పని సార్. నేను ఈడికెళ్ళి కదలొద్దు. చెల్లె బండి స్టేషన్ కాడికొచ్చిందట. దాన్ని మీ బండిల తోలుకొస్తరా? అగ్గి ఆరకముందన్న వచ్చి, మొక్కుకుంటది."

స్టేషనుకు బోయిగూడ వైపు ఉన్న గేటు దగ్గర వ్యాను ఆపారు. సరూప మెట్ల మీద నిలబడి ఉంది. ముప్ఫై ఏళ్ళుంటాయేమో, ఇంకా తక్కువేనేమో. చేతిలో జిప్పు పోయిన సంచి, తలలో ఇంకా దూది పోగులు. దేముడుబాబు "అమ్మా, సరూపా" అని పిలవగానే గొంతు గుర్తుపట్టింది.

"పెట్టె సార్ మీరేనా?"

"నేనేనమ్మా. మీ అన్నయ్య పంపాడు."

ఆమె ఏడవలేదు. ఏడుపంతా రైల్లోనే అయిపోయినట్టుంది. ముందు సీటు చూపిస్తే ఎక్కలేదు. వెనక అద్దంలోంచి లోపలికి చూస్తూ నిలబడింది. "గందులనేనా పండింది మా అమ్మ?"

"అవునమ్మా."

"నేను ఎనక కూసుంట సార్. జెర తలుపు తీయున్రి."

వద్దనడానికి దేముడుబాబుకు ఒక్క కారణమూ తట్టలేదు. రిచర్డ్ దిగి తలుపు తీశాడు. ఆమె ఎక్కి, సంచి పక్కన పెట్టి, పెట్టె పక్కన చతికిలబడింది. పైన దుమ్ము పడితే కొంగుతో తుడిచింది. తర్వాత రెండు చేతులతో మూత ఎత్తింది. దేముడుబాబు తలుపు దగ్గరే నిలబడి చూస్తున్నాడు. తల ఎటువైపు పెట్టారని ఆమె అడిగింది. ఆయన చూపించాడు. అక్కడ రేకు మీద అరచెయ్యి ఆనించి, వెంటనే వెనక్కి తీసుకుంది. మళ్ళీ ఆనించింది. ఈసారి తీయలేదు.

"సార్, ఇది సల్లగున్నది."

రైల్వే స్టేషను ముందు ఆటోవాళ్ళు కేకలేస్తున్నారు. దేముడుబాబు ఆమె చేతినే చూస్తున్నాడు.

"ఖరాబైందన్నరు గదా? పొద్దున్నే బందైందన్నడు మా అన్న. ఇప్పటిదాక సల్లగెట్లుంటది?" ఆమె గొంతు పెరగలేదు. సాంచెల దగ్గర పనిచేసే పిల్ల, మిషను ఎప్పుడు ఆగిందో ఎప్పుడు నడిచిందో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఆయన ముఖం చూసింది, రిచర్డ్ ముఖం చూసింది. రిచర్డ్ తల దించుకున్నాడు.

"ఎవరి కోసం తీస్కపోయిన్రు?"

చెప్పడానికి ఇంకో అబద్ధం కోసం దేముడుబాబు వెతికాడు. ఆ రోజుకు అన్నీ అయిపోయాయి. "ఇది ఇచ్చినవాళ్ళ ఇంట్లో... వాళ్ళ అమ్మగారు పోయారమ్మా," అన్నాడు.

సరూప తల ఊపింది. అంతే ఉంటుందని ముందే తెలిసినట్టు ఊపింది. "మరి ఆమెను తీసి, దీన్ని మళ్ళ ఎందుకు తెచ్చిన్రు?"

"ఆమెని పెట్టలేదమ్మా. వాళ్ళకి అక్కర్లేకపోయింది."

"మరెవరు పండిన్రు ఇందుల?"

"ఎవరూ లేదమ్మా. పొద్దుట్నించీ ఖాళీగానే ఉంది."

ఆమె ఆయన వైపు తిరిగింది. తిడుతుందనుకున్నాడు, కొడుతుందని కూడా అనుకున్నాడు. కొట్టినా పడదామనే నిలబడ్డాడు. ఆమె వంగి, తల్లి తల ఉన్న చోట చెంప ఆనించి కళ్ళు మూసుకుంది. ఆ చల్లదనం అయిపోయేదాకా లేవదేమో అన్నట్టు పడుకుంది. దేముడుబాబు నోరు తెరిచి "అమ్మా, నన్ను..." అన్నాడు.

ఆమె లేచి, మూత మెల్లగా, చప్పుడు కాకుండా దించింది.

"పోనియ్యి," అంది. "అగ్గి ఆరిపోతది."

రిచర్డ్ బండి తీశాడు. గతుకుల్లో ఖాళీ పెట్టె అటూ ఇటూ కొట్టుకోకుండా ఆమె దాన్ని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.